రంభలో ‘పిగ్మేలియన్’ చూచిన రాత్రి

మన సంఘపు సంచికకు ఏదైన ఒక చలనచిత్రమును గూర్చి వ్రాయవలసినదని సంపాదకులు కోరినప్పుడు, నేను చిత్రవిమర్శకుడను కానని చెప్పి తప్పించుకొన జూచితిని. చిత్రమును చూచినవారు దానిని గూర్చి ఏమనుకొనిరో వ్రాసినను చాలునని వారు పట్టుపట్టిరి. అట్లయిన నాయొద్ద ఒక రాత్రి ముచ్చట కలదు. అది నవ్వుతో మొదలై, నలువది నాలుగేండ్లుగా నేను విప్పి చూడని ఒక పాత లెక్కతో ముగిసినది.

2023వ సంవత్సరము దసరా సెలవులలో మా కుటుంబమంతయు రంభలోని పాత యింటిలో కలిసికొన్నది. రంభ నెరుగనివారికి ఒక మాట. మద్రాసు నుండి హౌరాకు పోవు రైలు బరంపురము దాటిన కొంతసేపటికి కుడివైపున విశాలమైన నీటిపట్టు కనబడును. అదియే చిలికా సరస్సు. దాని దక్షిణపుటొడ్డున మా యూరు. పదునెనిమిదవ శతాబ్ది చివర గంజాము కలెక్టరుగా నుండిన స్నాడ్‌గ్రాస్ దొర కట్టించిన భవనము ఆ నీటియొడ్డున నేటికిని ఉన్నది. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రము ఏర్పడు వరకు మేము మద్రాసు రాజధానిలోని వారము. ఆనాటి నుండి ఇల్లు కదలకుండనే ప్రవాసాంధ్రుల మైతిమి. బడిలో ఒడియా, ఇంటిలోను మా నాయన చిల్లర దుకాణములోను తెలుగు. తెలుగక్షరములు మా నాయనమ్మ పెద్దబాలశిక్ష ఒడిలో పెట్టుకొని నేర్పినవి. చిలికా నీరు సముద్రమంత ఉప్పన కాదు, ఏటినీరంత తీపియు కాదు. మా తెలుగును అటువంటిదే.

ఆ రాత్రి భోజనములైన పిమ్మట నా మేనకోడలు తన ల్యాప్‌టాపును టీవీకి తగిలించి ఒక పాత ఆంగ్ల చిత్రమును పెట్టినది. దాని పేరు ‘పిగ్మేలియన్’. 1938లో ఇంగ్లండులో తీసిన హాస్యశృంగార చిత్రము. బెర్నార్డ్ షా నాటకమునకు చిత్రరూపము. ఆంథొనీ ఆస్క్విత్, లెస్లీ హోవర్డ్ అను నిరువురు దర్శకులు. వారిలో హోవర్డే కథానాయకుడు. నాయిక వెండీ హిల్లర్. 1925వ సంవత్సరపు నోబెల్ సాహిత్య బహుమతిని పొందిన షాకు ఈ చిత్రపు రచనకు గాను ఆస్కారు బహుమతి కూడ మరి ముగ్గురు రచయితలతో కలిసి లభించినది.

కథ చాలమంది ఎరిగినదే. లండనులో వీధిప్రక్కన పూలమ్ముకొను ఎలైజా అను పిల్ల మాటాడుచుండగా, హిగిన్స్ అను ధ్వనిశాస్త్రవేత్త చాటున నిలిచి ఆమె పలుకులను పుస్తకములో గుర్తులతో వ్రాసికొనును. మనిషి నోరు విప్పినంతనే అతడు ఏ పేటలో పుట్టెనో చెప్పగల చెవి ఆయనది. అదే చోట భారతదేశము నుండి వచ్చిన భాషాపండితుడు కర్నల్ పికరింగ్ ఆయనకు పరిచయమగును. మరునాడు ఎలైజా తానే వచ్చి, రుసుము చెల్లించెదను, నాకు మంచి మాట నేర్పుడని అడుగును. పూలదుకాణములో ఉద్యోగము సంపాదించుకొనవలెనని ఆమె కోరిక. పండితు లిరువురును పందెము వేసికొని, ఆమెను రాయబారి యింటి విందులో దొరసానిగా చెల్లించెదమని పూనుకొందురు. చెల్లింతురు కూడ. అక్కడ నొక భాషాకోవిదుడు ఆమెను రాజకుమార్తెయని నిశ్చయించును.

చిత్రము నడుచుచుండగా నేను మా మేనత్తకు తెలుగు చెప్పుచుంటిని. ఆమెకు తొంబదియేండ్లు. ఆంగ్లము రాదు, కాని ముఖములను చూచి సగము కథ తానే అల్లుకొనుచుండెను. హిగిన్స్ ఆ పిల్లచేత ఒకే వాక్యమును పదే పదే అనిపించుచు ప్రాణము విసిగించు ఘట్టము వచ్చినది. మేనత్త ఒక్కసారిగా చేయి చాచి, “ఓలమ్మ, ఇదేటి! మన గుంటకి నువ్వు సెప్పిన సిలక పాటమే గదా!” అన్నది.

అందరు నవ్విరి. నేనును నవ్వితిని. గోడకు చేరగిలి కూర్చున్న మా చెల్లెలు కూడ నవ్వినది. కాని ఆ చిలక పాఠమేమో తెలియని పిల్లలకు దానిని చెప్పవలసి వచ్చినది. పాఠకులకును చెప్పవలసియున్నది.

1974లో నాకు విజయవాడలో ఒక కార్యాలయమున ఉద్యోగమైనది. మొదటి దినమున పైయధికారి ఏదో అడుగగా సరిగా వినబడక, “ఏటండీ?” అంటిని. గదియంతయు ఘొల్లుమన్నది. “ఏ యేటి సంగతి నాయనా? కృష్ణా, గోదావరా?” అని ఒకరు పరిహసించిరి. ఆ యేడాదంతయు నా పేరు ‘ఏటిబాబు’. చకారమును సకారముగా పలుకుట, ‘త్వరగా’ అనుటకు ‘బేగి’ అనుట, ప్రశ్న చివర దీర్ఘము తీయుట, ఇవి యన్నియు నాకు శరీరముమీది మచ్చలవలె తోచినవి. గదిలో అద్దము ముందు నిలిచి ఒక్కొక్క మాటయే దిద్దుకొంటిని. రెండేండ్లకు నన్నెవరును ఏ ఊరని అడుగుట మానిరి. అది నా జీవితములో గొప్ప విజయమని అప్పుడు తలచితిని.

1979లో మా చెల్లెలికి కృష్ణా జిల్లా సంబంధము వచ్చినది. ఆమెకు ఇరువదియేండ్లు. పెండ్లిచూపులకు రెండు నెలల వ్యవధి కలదు. నాకైన పరాభవము ఆమెకు కాకూడదని నిశ్చయించుకొని, రెండు వారముల కొకసారి రాత్రి బండిలో రంభకు వచ్చి పాఠములు ప్రారంభించితిని. చకారము కొరకు నేనొక వాక్యము కల్పించితిని: ‘చెరువు చెంత చింతచెట్టు, చెట్టుమీద చిలక, చిలక చెప్పెను చిన్న మాట.’ ఆమె ‘సెరువు సెంత సింతసెట్టు’ అనును. నేను మరల అనుమందును. నేను లేని దినములలో బియ్యమేరుచు, దుకాణములో పప్పు తూచుచు ఆమె అదే వల్లించుచుండెనట. చిలక పాఠమనగా అది.

పెండ్లిచూపులు జయప్రదముగా ముగిసినవి. పెండ్లికొడుకు తల్లి ముచ్చటపడి, “పిల్ల అచ్చం మా వైపు పిల్లలానే మాట్లాడుతోంది. ఒడిశాలో పెరిగిందంటే ఎవరు నమ్ముతారు!” అన్నది. వారు వెళ్లిన పిమ్మట మా నాయన నా భుజముమీద చేయివైచి, “గట్టివోడివిరా” అన్నాడు. బంధువులందరు నన్ను మెచ్చుకొనిరి. మా చెల్లెలు వంటయింటిలో కాఫీ గ్లాసులు కడుగుచుండెను.

మేము చిత్రమును చూచుచుండిన గదిలో ఈ కథ వినినవారు మరల నవ్విరి. చిత్రము ముందునకు సాగినది. విందులో గెలిచి వచ్చిన రాత్రి పండితు లిరువురును తమలో తాము అభినందించుకొందురు. పీడ వదలినదని హిగిన్స్ ఆవులించును. ఆ గదిలోనే నిలిచియున్న ఎలైజాతో ఒక్క మంచిమాటయు ఆడరు. ఆయన తన చెప్పుల కొరకు మరల రాగా ఆమె ఆ చెప్పులనే ఆయనమీదికి విసరును. ఇల్లు విడిచి పోవును. చివర ఆమె తిరిగి వచ్చును. హిగిన్స్ ఆనందమును దాచుకొని, టోపీ ముందుకు లాగుకొని, తన చెప్పులెక్కడ నున్నవని అడుగును. చిత్రము అక్కడ ముగియును.

ముగిసినంతనే వాదము మొదలైనది.

రైల్వేలో గార్డుగా పనిచేసి విరమించిన మా చిన్నాన్న, “గురువంటే అలాగే ఉండాలి. మెత్తగా సెప్తే ఎవడికి ఒస్తాది సదువు?” అని హిగిన్స్ పక్షము వహించెను. తెనాలి యాడుపడుచైన నా భార్య, “ఎంత తిట్టుకున్నా వాళ్లిద్దరే జంట. ఆఖర్న ఆ పిల్ల తిరిగి రాకపోతే నాకు నిద్ర పట్టేది కాదు” అన్నది. హైదరాబాదులో సాఫ్ట్‌వేరు ఉద్యోగము చేయు నా మేనకోడలు మండిపడినది. “పందెం కోసం మనిషిని బొమ్మలా ఆడించి, ఆఖరికి చెప్పులెక్కడని అడిగే మనిషి దగ్గరికా మామయ్యా? రాకూడదు, అసలు రాకూడదు.”

బరంపురము నుండి వచ్చిన ఆంగ్లోపన్యాసకుడొకరు, విశ్రాంతుడైన మా మిత్రుడు, ఈ తగవు మనది కాదు, లండనుదే యని చెప్పెను. 1914లో ఈ నాటకము లండనులో ఆడినప్పుడు హిగిన్స్ వేషము ధరించిన బీర్‌బోమ్ ట్రీ తెరపడుటకు ముందు ఎలైజామీదికి పూలు విసరి, ప్రేక్షకులు కోరిన ప్రేమకథను వారికి అందించెను. షాకు మహాకోపము వచ్చినది. 1916లో గ్రంథమునకు అనుబంధము వ్రాసి, ఎలైజా హిగిన్స్‌ను గాక తన్ను ప్రేమించిన ఫ్రెడ్డీ అను యువకుని పెండ్లాడి పూలదుకాణము పెట్టెనని తేల్చెను. ప్రేక్షకులు వినలేదు. చిత్రనిర్మాత గేబ్రియల్ పాస్కల్ కూడ వినలేదు. చిత్రము జనుల కోరికనే అనుసరించినది. తరువాత 1956లో ఈ కథయే ‘మై ఫెయిర్ లేడీ’ అను సంగీతనాటకమై, 1964లో చిత్రమై, అదే ముగింపును ప్రపంచమంతట నిలిపినది. నూరేండ్లకు పైగా రచయిత ఒకవైపు, చూచువారు మరియొకవైపు. ఆ తగవు మా రంభ యింటిలో కూడ తెగలేదు.

మా పొరుగింటి ఒడియా ఆమెను మేమందరము మావుసి అందుము. చిరకాలము బజారులో ఎండుచేపలు అమ్మిన మనిషి. ఆమె అప్పటిదాక ఏమియు పలుకక, వచ్చీరాని తెలుగులో ఒకే ప్రశ్న వేసినది: “ఆ పిల్ల ఇప్పుడు పూలు అమ్మగలదా? ఆ మాటతో బజారులో కూచుంటే ఎవరు కొంటారు?” మేము నవ్వబోయి ఆగితిమి. విందు ముగిసిన రాత్రి ఎలైజా హిగిన్స్‌ను అడిగినదియు ఇదే. పూర్వపు బ్రతుకునకు పనికిరాకుండ చేసితివి, ఇక నేనేమి కావలెనని. షా చదువని మావుసి ఆ నాటకపు మర్మమును సంతలో కూర్చుండి నేర్చుకొనినది.

అప్పుడు మేనకోడలు, “అమ్మా, నువ్వేమీ అనవేం?” అని తల్లిని అడిగినది.

మా చెల్లెలు కొంతసేపు తన చీర కొంగును మడతపెట్టుకొనుచు ఊరకుండెను. తరువాత నావైపు చూడకుండనే చెప్పినది.

“మీరందరూ ఆవిడ ఎవర్ని చేసుకోవాలని వాదిస్తున్నారు. నాకు ఆ విందు రాత్రే కళ్లముందు తిరుగుతోంది. గెలిచి వచ్చింది ఆవిడ. మెచ్చుకున్నది వాళ్లను వాళ్లు. చెప్పులు విసరక ఏం చేస్తుంది?”

గదిలో ఎవరును మాటాడలేదు.

“ఆవిడ తానే వచ్చి నేర్పమంది. నన్ను ఎవరూ అడగలేదు. నేర్పినందుకు నాకు కోపం లేదన్నయ్యా. ఆ మాటతోనే అత్తవారింట్లో తలెత్తుకు తిరిగాను. నువ్వు నా మంచికే చేశావు. కానీ రెండు నెలలు రాత్రీ పగలూ వల్లించింది నేను. ఆ రోజు ‘బాగా నేర్చుకున్నావే’ అని ఒక్కరూ నాతో అనలేదు.”

నేనేదో చెప్పబోతిని. ఆమె ఇంకను ముగింపలేదు.

“అదీ పోనీ. పెళ్లయ్యాక నేను వచ్చినప్పుడల్లా అమ్మ నాతో మాట్లాడటానికి తడుముకునేది. అత్తవారి వైపు చుట్టం వచ్చినట్టు ఆచితూచి పలకరించేది. ‘నీ మాట బాగుందమ్మా, నాకు రాదు’ అనేది. ఒకసారి నేను కావాలని మన మాటే మాట్లాడాను. వెక్కిరిస్తున్నాననుకుంది. చిన్నబుచ్చుకుని పెరట్లోకి వెళ్లిపోయింది. మళ్లీ ఎప్పుడూ ప్రయత్నించలేదు.”

మా అమ్మ 2004లో కాలము చేసినది. అనగా ఇరువదియైదేండ్లు ఆ తల్లీకూతుండ్లు ఒకరినొకరు అట్లు పలుకరించుకొనిరి. నేను ఎన్నిసార్లో వారి ప్రక్కనే కూర్చుండి కూడ గమనింపలేదు. ధ్వనులను పట్టు చెవి నాకు కలదని గర్వించితిని గాని, ఆ మౌనము నా చెవికి సోకలేదు.

మేనత్త, “పొద్దుపోయింది, తొంగోండి” అన్నది. అందరు లేచిరి.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. చిత్రపు ముగింపు ఏది మేలు అను ప్రశ్న నాకు చాల చిన్నదిగా తోచినది. తలంపునకు వచ్చినది మరియొకరు, మా గంజాము సీమలోనే బ్రతికిన మహానుభావుడు.

హిగిన్స్ పాత్రకు కొంతవరకు మూలము హెన్రీ స్వీట్ అను ఆంగ్ల ధ్వనిశాస్త్రజ్ఞుడందురు. మనకును అటువంటి చెవిగల పండితుడొకడుండెను. 1863 ఆగస్టు 29వ తేదీన శ్రీకాకుళము చెంత పర్వతాలపేటలో జన్మించిన గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు 1880లో పర్లాకిమిడికి ఉపాధ్యాయులై వచ్చిరి. ఆ పట్టణము నాడు గంజాము జిల్లాలోనిది. నేడు గజపతి జిల్లాలో నున్నది. అక్కడి కొండలలోని సవరలు లోకము చిన్నచూపు చూచినవారు. పంతులుగారు వారి ప్రక్కన కూర్చుండి, వారి పలుకులలోని ఒక్కొక్క ధ్వనిని గుర్తుపట్టి వ్రాసికొనిరి. ఎందుకొరకు? వారి మాటను మాన్పించుటకు కాదు. వారి పిల్లలకు వారి మాటలోనే చదువు చెప్పుటకు. సవరభాషలో వాచకములు కూర్చిరి, బడులు పెట్టించిరి. 1931లో సవరభాషకు వ్యాకరణము, 1938లో సవర-ఆంగ్ల నిఘంటువు వెలువడినవి. ‘పిగ్మేలియన్’ చిత్రము వచ్చినదియు ఆ 1938లోనే. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో చేరగా ఆయన రాజమహేంద్రవరమునకు తరలిపోయిరి. 1940 జనవరి 22న దివంగతులైరి.

హిగిన్స్ చేతిలోను పుస్తకమే, పంతులుగారి చేతిలోను పుస్తకమే. ఇద్దరును వీధిమాటను ధ్వని తప్పక వ్రాసికొన్నవారే. ఒకరు ఆ మాట ఎక్కడ చెరిపివేయవలెనో తెలిసికొనుటకు వ్రాసిరి, మరియొకరు అది ఎట్లు నిలుచునో తెలిసికొనుటకు వ్రాసిరి. విద్య ఒక్కటే. దానిని ఎవరి మేలునకు వినియోగించితిమో, వారిని అడిగి చేసితిమా లేదా అనునది వేరు. వాడుకభాష కొరకు జీవితమును ధారవోసిన ఆ మహనీయుని కీర్తించుచు నేనీ వ్యాసమును గ్రాంథికచ్ఛాయలో వ్రాయుచుండుట చూచి పాఠకులు నవ్వుకొందురేమో! నవ్వుడు. తన మాట పలుకుటకు సిగ్గుపడి పుస్తకములలో దాగుకొన్నవాని చేతివ్రాత ఇట్లే యుండును.

మరునాటి ఉదయము మా చెల్లెలి ప్రయాణము. నేను స్టేషనునకు సాగనంపుటకు పోతిని. దారిలో ఆమె చేపల బుట్టతో ఎదురైన ముసలామెను ఆపి, ఉప్పుచేప బేరమాడినది. “ఏటీ, ఇంతా? ఒగ్గీ, నాకొద్దు” అని ఆమె నోట పాత రంభ తెలుగు తడబాటు లేక దొరలుచుండెను. నలువది నాలుగేండ్లలో నేను వినని గొంతు అది. నేను దగ్గరకు రాగానే, “పద అన్నయ్యా, బండికి వేళవుతోంది” అని కృష్ణా జిల్లా మాటలోనికి మారిపోయినది. ఆ మార్పు ఆమెకు తెలిసి జరిగినది కాదు. నేనెదుట నున్నప్పుడు అట్లే మాటాడవలెనని ఆమె నాలుకకు నేర్పినది నేనే గదా!

బండి వచ్చినది. రద్దీగా నున్నది. ఆమె పెట్టె అందించుచు నేను ధైర్యము చేసి, “బేగి ఎక్కు. ఊరెల్లి ఉత్తరం రాయి. ఏటి?” అంటిని.

ఆమె మెట్టుమీద నిలిచి నన్ను వింతగా చూచినది. పిమ్మట నవ్వు ఆపుకొనలేక, “అట్లా కాదన్నయ్యా. ‘ఏటి’ని అలా తెంచకూడదు. చివర సాగదియ్యాలి. ఏదీ, మళ్లీ అను” అన్నది.

“ఏటీ?” అంటిని.

“ఇంకా రాలేదు” అన్నది.

బండి కదలినది. కిటికీ దగ్గరకు వచ్చి ఆమె ఇంకొకసారి పలికి చూపినది. ప్లాట్‌ఫారము చివరివరకు నడచుచు నేను దానిని వల్లించితిని. ఇప్పుడు ఆదివారములందు ఫోనులో నాకు పాఠములు జరుగుచున్నవి. నేర్పుడని ఈసారి నేనే అడిగితిని. మొన్న ఒక మాట సరిగా పలికినప్పుడు, “బాగా నేర్సుకున్నావు” అని మెచ్చుకొన్నది. అది ఆమెకు నేను 1979లో బాకీపడిన మాట. వడ్డీతో తిరిగి యిచ్చుటకు నాకు ఇంకను చాల పాఠములు మిగిలియున్నవి.